బంగళా డ్యూటీ

హోటల్ గది తలుపు తెరవగానే ముక్కుకు కొట్టే వాసన ఏ ఊళ్లోనైనా ఒక్కటే. సరిగా ఆరని తివాచీ కంపు, దాన్ని కప్పిపుచ్చడానికి చల్లిన నిమ్మకాయ సెంటు, కిటికీ తెరవడానికి వీల్లేని ఆ గదిలో నాకంటే ముందు పడుకుని లేచిపోయిన ఎవరెవరివో చెమటలు. విమానాల కంపెనీలో కో-పైలట్‌గా చేరిన కొత్తలో ఆ వాసన నాకు గొప్పగా ఉండేది. ఇప్పుడు తలుపు తెరిచిపెట్టి కాసేపు బయటే నిలబడతాను. పోయిన క్రిస్మస్ రోజు మధ్యాహ్నం అలాంటి గదిలోనే మంచం అంచున కూర్చుని, రేకు డబ్బాలో చల్లారిపోయిన పులావు తింటూ, హైదరాబాదులో మా చర్చిలో నా కూతురు షారోను దేవదూత వేషం కట్టి పాడుతుంటే ఫోన్‌లో చూశాను. పాట మధ్యలో బొమ్మ ఆగిపోయింది. నోరు తెరుచుకుని ఉన్న నా బిడ్డ ముఖం కదలకుండా అలాగే ఉండిపోయింది. డబ్బా తీసి చెత్తబుట్టలో పడేశాను. నా యూనిఫాం మీద, ఆ గది మీద, నా మీద నాకే రోత పుట్టింది.

కంపెనీ నన్ను కెప్టెన్‌ని చేస్తానని అప్పటికే చెప్పింది, కాకపోతే ఢిల్లీకి మారాలి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట అది. సరిగ్గా ఆ రోజుల్లోనే శిక్షణలో నాతోపాటు చదివిన రఘు ఫోన్ చేశాడు. రఘుది వరంగల్. ఎయిర్‌లైన్ వదిలేసి ఒక పెద్ద వ్యాపారి సొంత విమానం నడుపుతున్నాడు.

"ఇంకెన్నేండ్లు తోల్తవు రూతూ ఆ బస్సు? మా సారుకు ఇంకో పైలట్ కావాలె. నెలల నాలుగైదు సార్లు ఎగిరితే ఎక్కువ. తక్కిన రోజులు ఇంట్లనే. పోరి చిన్నగుంది, జర ఆలోచించు" అన్నాడు.

ఇంట్లనే అన్న ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. మా ఆయన బడిపంతులు, నీకెట్లా మంచిదనిపిస్తే అట్లా చెయ్యమన్నాడు. మా బాపు, అంటే మా నాన్న, బొగ్గుబావిలో పనిచేసి రిటైరై అమ్మతో కలిసి మా దగ్గరే ఉంటున్నాడు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"గాయిన ఎప్పుడు పిలిస్తె పోవాలె?"

"ఎప్పుడు పిలిస్తే అప్పుడే, బాపు."

ఆయన మొహం చేదు మింగినట్టు అయింది. "థూ! బంగళా డ్యూటీ" అన్నాడు.

ఆ మాట విని ముప్పై ఏళ్లయినా అయి ఉంటుంది. వినగానే గోదావరిఖని అంతా ముందుకొచ్చి నిలబడింది.

కార్మికుల కోసం లైన్లు లైన్లుగా, వరసన కట్టిన రెండు గదుల క్వార్టర్లలో మాదొకటి. తెల్లవారిందంటే ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి అంటించేవాళ్లు. కర్రపుల్లల మీద కిరసనాయిలు పోసి, దాని మీద బొగ్గుపెళ్లలు పేర్చి, అట్టముక్కతో విసురుతుంటే లేచే పచ్చటి పొగ లైను ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకి, మంచాల మీదున్న మమ్మల్ని దగ్గుతో నిద్ర లేపేది. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగు తిరిగేది, అన్నంలో సైతం పంటికింద నుసి తగిలేది, వానాకాలం వీధిలో పారే నీళ్లు సిరా కలిపినట్టు ఉండేవి, ఎండాకాలం రేకుల కప్పు కింద పడుకుంటే రొట్టె కాల్చినట్టు కాలేవాళ్లం. గనిని మా వాళ్లు బాయి అనేవారు. బాయి నుంచి వచ్చిన బాపు పెరట్లో స్నానం చేస్తుంటే మొదటి రెండు చెంబుల నీళ్లూ నల్లగా, మూడో చెంబువి మట్టిరంగులో కారేవి. ఆ తర్వాత ఆయన గొంతు సవరించి కాలువలో ఉమ్మేది కూడా నల్లగానే ఉండేది. తమ్ముడు అది చూసి వాంతి చేసుకునేవాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని. ఎవరు ఎంత ముద్దుగా చెప్పినా ఆ బొగ్గు వాసనలో అందం ఉందని నేను అనలేను.

కానీ ఆటలు ఉండేవి. ఏ పూటైనా రాత్రి షిఫ్టు చేసి వచ్చిన ఎవరో ఒకరు ఏ ఇంట్లోనో పడుకుని ఉండేవారు కాబట్టి మా లైనులో పిల్లలందరం చప్పుడు లేకుండా ఆడడం నేర్చుకున్నాం. తొక్కుడుబిళ్లకు పెంకు బదులు గుడ్డ చుట్టిన చెక్క, కచ్చకాయలకు కింద గోనెపట్టా, దొంగాట ఆడితే దొరికినవాడు అరవకుండా చేతులు పైకెత్తాలి. నవ్వొస్తే మోకాళ్లలో మొహం దాచుకుని నవ్వేవాళ్లం. కొత్తగా వచ్చిన చుట్టాలు మమ్మల్ని చూసి, ఈ పోరగాళ్లకు మాటలు రావా అని అడిగేవారు. బతుకమ్మ రోజుల్లో మాత్రం ఆ కట్టుబాటు ఉండేది కాదు. పక్కింటి లచ్చక్క తంగేడు, గునుగు పూలు గుట్టలుగా పోసి బతుకమ్మ పేరుస్తుంటే మేము కాడలు సమానంగా కత్తిరించి ఇచ్చేవాళ్లం. ఆమె మా చేతుల్లో నువ్వుల సద్ది, మలీద ముద్దలు పెట్టేది. క్రిస్మస్ వస్తే మా అమ్మ గారెలు, అరిసెలు స్టీలు బేసిన్ నిండా వాళ్లింటికి పంపేది.

వీటిలో దేంట్లోనూ బాపు లేడు. పండుగకు మొదటి షిఫ్టు, చుట్టాలొస్తే రాత్రి షిఫ్టు, నాకు జ్వరమొస్తే మధ్యాహ్నం షిఫ్టు. ఇంట్లో ఉన్నప్పుడు దుప్పటి కప్పుకున్న ఒక ఆకారం, అంతే. అందుకే నేను నాలుగో తరగతిలో ఉండగా, గట్టు మీది బంగళాలో ఉండే గని పెద్దసారు ఒకాయన బాయి డ్యూటీకి బదులు తన ఇంటి పనికి నమ్మకమైన మనిషి కావాలన్నాడని తెలిసి, అమ్మే బాపును ఒప్పించింది.

"పోరగాండ్లు నీ మొకం మర్శిపోతున్నరు. దినాం పొద్దుమీకి ఇంటికొస్తవు. ఒప్పుకో" అంది.

మొదటి కొద్ది వారాలు మాకు పండుగే. బాపు తెల్ల అంగీ వేసుకుని పోయి తెల్ల అంగీతోనే వచ్చేవాడు. సాయంత్రం మమ్మల్ని సైకిల్ మీద చౌరస్తాకు తీసుకుపోయి మిరపకాయ బజ్జీలు తినిపించేవాడు. ఆయన గోళ్లు తెల్లబడ్డాయి. నేను వాటిని పట్టుకుని చూసేదాన్ని.

ఆ తర్వాత పిలుపులు మొదలయ్యాయి. అన్నం ముందు కూర్చోగానే బంగళా నుంచి మనిషి వచ్చేవాడు: కుక్క కనబడట్లేదట, అమ్మగారికి కొత్తిమీర కావాలట, చుట్టాల పిల్లలు ఊయల కట్టమంటున్నారట. బాపు కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచేవాడు. బాయికి సైరన్ ఉండేది. డ్యూటీ ఎక్కడానికో కూత, దిగడానికో కూత. బంగళాకు కూత లేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు అమ్మ నెల ముందు నుంచీ తయారైంది. గోడలకు నీలంరంగు కలిపిన సున్నం వేసింది. వెదురుపుల్లలతో, రంగు కాగితాలతో బాపే నక్షత్రం కట్టి దూలానికి వేలాడదీశాడు. పొద్దున్నే కొత్తబట్టల్లో నలుగురం కలిసి చర్చికి పోయాం. నాకు గుర్తున్నంతలో నలుగురం కలిసి పోవడం అదే మొదలు. రెండో పాట పాడుతుండగా చర్చి గుమ్మంలో బంగళా మనిషి కనిపించాడు. లోపలికి రాలేదు, చెయ్యి ఊపాడు. బాపు పాట పాడుతూనే లేచి, పాడుతూనే బయటికి నడిచి, గుమ్మం దగ్గర ఆపేశాడు.

సారు చుట్టాలు గోదారి ఇసుకలో వనభోజనానికి పోతున్నారట. వంట, మోత, గిన్నెలు తోమడం మా బాపు పని. అమ్మ వండిన మాంసం మీద కొవ్వు పేరుకుపోయే దాకా మేం తినకుండా కూర్చున్నాం. పొద్దుగుంకే వేళకు వచ్చాడు. చేతిలో పెద్ద టిఫిన్ గిన్నె. "అమ్మగారు పోరగాండ్లకని పంపింది, బిర్యానీ" అన్నాడు. తమ్ముడు ఎగిరి దాని మీద పడ్డాడు.

అమ్మ మూత తీసింది. అన్నంలో పిండిన నిమ్మచెక్కలు, చేతులు తుడుచుకున్న కాగితం ఒకటి. ముక్కలు ఉన్నాయి, కానీ ఒకదాని మీద పళ్ల గాట్లు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఎవరో కొరికి, నచ్చక వదిలేసిన ముక్క.

అమ్మ గిన్నెను బాపు ముందుకు జరిపింది. "సూశినవా?" అంది.

బాపు వంగి చూశాడు. "నేను మూత తియ్యలే" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

అమ్మ గిన్నె తీసుకుపోయి కాలువలో బోర్లించింది. తిరిగొచ్చి పొయ్యిలోంచి బూడిద తీసి ఆ గిన్నెను తోమింది, మళ్లీ తోమింది, వేళ్లు ఎర్రబడే దాకా తోమింది. "నేనే పంపిన్నయ్యా నిన్ను. తెల్లారి బాయికే పో. నీ మొకం కనవడకుంటె మానె" అంది.

"బాయిల నా మీద బండ పడుతదో ఏమో గాని, ఎవ్వని ఎంగిలి పడదు" అన్నాడు బాపు.

మళ్లీ షిఫ్టులు, మళ్లీ దుప్పటి కింది ఆకారం, మళ్లీ నల్ల ఉమ్మి. తర్వాత ఎన్నో పండుగలకు ఆయన లేడు. దానికి నేను ఏడ్చాను కూడా. కానీ డ్యూటీ దిగి ఇంట్లో కాలు పెట్టాడంటే ఆ మనిషిని ఎవరూ చెయ్యి ఊపి పిలుచుకుపోలేదు.

ఇదంతా గుర్తుండి కూడా నేను రఘు చెప్పిన చోటికి పోయాను. ఇంట్లనే అన్న మాటకు అంత బలం. ఒకరోజు వెంట వచ్చి చూసుకొమ్మన్నారు. విమానం ముత్యంలా ఉంది. లేతరంగు తోలు సీట్లు, వెండి గిన్నెలో జీడిపప్పు. ఒక చిన్న ఊరి రన్‌వే పక్కన వ్యాపారి కోసం పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డాం. ఆయన రాలేదు. రఘు పై కెప్టెన్, నెరిసిన జుట్టు మనిషి, వ్యాపారి సీటు మీది దిండును కిటికీ వైపు తిప్పి, కాదని ఇటు తిప్పి, మళ్లీ అటు తిప్పాడు. మధ్యాహ్నం దాటాక సెక్రటరీ ఫోన్ చేశాడు; సారు కారులో వెళ్లిపోయారు, మీరు ముంబై పోయి మేడం గారి కుక్కపిల్లను తీసుకురండి అన్నాడు. తన కొడుకు వయసున్న ఆ కుర్రాడికి కెప్టెన్ నాలుగుసార్లు సారీ చెప్పాడు, దేనికో నాకు తెలియలేదు. తర్వాత పక్కకు పోయి ఇంటికి ఫోన్ చేసి, "బిడ్డ నిశ్చితార్థానికి అందుకోలేనేమో, మీరు కానియ్యిన్రి" అన్నాడు.

నేను రన్‌వే వైపు తిరిగి నిలబడ్డాను. రఘు నా మొహం చూసి, "అలవాటైతది" అన్నాడు.

"గదే భయం" అన్నాను.

ఇంటికొచ్చి ఆ ఉద్యోగం వద్దన్నాను. మర్నాడు, షారోనును వదిలి ఉండలేనని, ఢిల్లీ కూడా వద్దన్నాను. కెప్టెన్ సీటు నా తర్వాత చేరినవాళ్లకు పోయింది. వాళ్ల పక్కన కో-పైలట్‌గా కుడి సీట్లో కూర్చుని ఎగురుతున్నాను. బాధ లేదంటే అబద్ధం. హోటల్ గదుల మీద అసహ్యమూ తగ్గలేదు. కానీ నేను ఎప్పుడు పోతానో, ఎప్పుడు వస్తానో షారోనుకు ముందే చెప్పగలను, వచ్చాక నన్ను ఎవరూ లాక్కుపోరు. నేను లేని రోజుల్లో బాపు దానికి జడలు వేస్తాడు. నాకెన్నడూ వెయ్యలేదు. వంకరగా వేస్తాడు.

మొన్న ఎండాకాలం సెలవుల్లో అందరం గోదావరిఖని పోయాం. మా లైను లేదు. నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గని పెరుగుతూ పెరుగుతూ క్వార్టర్లను, చర్చికి పోయే దారిని, లచ్చక్క వాకిలిని తినేసింది. ఇప్పుడక్కడ ఊరంత గుంత. అడుగున చీమల్లా డంపర్ లారీలు. ఏ ఇంటి ముందూ పొయ్యి లేదు, నోరు మూసుకుని ఆడే పిల్లలూ లేరు, ఆ ఆట ఎలా ఆడాలో తెలిసినవాళ్లం మేమే మిగిలాం. దుమ్ము లేచి నోట్లో పడింది. షారోను ముక్కు మూసుకుంది.

"మీ ఇల్లు ఎక్కడ తాతా?"

బాపు కంచె పట్టుకుని, కళ్లు చికిలించి, గుంత మీదుగా చెయ్యి చాపాడు. "గదిగో, గాడ మన వంట అర్ర. గా పక్కన మీ అమ్మ పండుకునేది."

"అక్కడేం లేదు కదా. గాలే ఉంది."

"అవు బిడ్డా" అన్నాడు బాపు. చెయ్యి దించలేదు. ఆ గాలిలో ఇంకేదో వెతుకుతున్నట్టు వేలు కొంచెం ఎడమకు జరిపి, "వాకిలి గీడ" అన్నాడు.