పిన్ను బదులు వైరు

స్టీరింగ్ పని విషయంలో నాకు పొగరు ఎక్కువ. జీడిమెట్లలో నా షెడ్డు ముందు ట్రాక్టర్లు, టిప్పర్లు వరసకట్టి నిలబడేవి. నేను బిగించిన బండి తొలిసారి కదిలినప్పుడు నేనూ అందులో కూర్చోవాలన్నది నా నియమం. ఆ నియమం గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నేనే చెప్పుకునేవాణ్ని. అది విని విని శామీర్‌పేట పటేల్ నన్ను తన పడవ దగ్గరికి పిలిపించాడు.

పటేల్ అంటే పొలాలను ప్లాట్లుగా కొట్టి అమ్మిన పెద్దమనిషి. ఆయన టిప్పర్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. అమ్మగా మిగిలిన నేలలో ఫామ్‌హౌస్ కట్టి, దాని వెనక ఒక కుంట తవ్వించి, అందులో తిరగడానికి జెట్ బోటు కొన్నాడు. సముద్రం ఒడ్డున ఎవరో వదిలించుకున్న పాత సరుకు. ఆ కుంటలో ఇంజిన్ స్టార్ట్ చేసి తుమ్మేలోపు అవతలి గట్టు వచ్చేస్తుంది. ఆయన మాత్రం దాన్ని 'మా షిప్పు' అనేవాడు.

"ట్రాక్టర్ స్టీరింగ్ జేసినోనికి గిదెంత?" అన్నాడు. నేనూ సిగ్గు లేకుండా అదే అనుకున్నాను.

ఆ బోటుకు చుక్కాని ఉండదు. ఇంజిన్ నీళ్లను లాగి వెనక గొట్టంలోంచి చిమ్ముతుంది. ఆ గొట్టం మూతి ఎటు తిరిగితే బోటు అటు తిరుగుతుంది. స్టీరింగ్ నుంచి వెనక్కి వచ్చిన కేబులు, చివర ఒక రాడ్డుతో ఆ మూతిని పట్టుకుని ఉంటుంది. నేను చూసేసరికి స్టీరింగ్ తిన్నగా ఉంటే మూతి ఎడమ పక్కకు చూస్తోంది. రాడ్డు కొస విప్పి, అర చుట్టు చొప్పున తిప్పుకుంటూ రెండింటినీ ఒక దారికి తెచ్చి లాక్ నట్టు బిగించాను. ఎడమకెంతో కుడికంతే తిరిగింది. నా చేతుల్ని నేనే కళ్లకద్దుకోవాలనిపించింది.

ఒక్కటే మిగిలింది. రాడ్డును మూతికి పట్టి ఉంచే బోల్టు జారిపోకుండా, దాని చివర బెజ్జంలో ఒక స్ప్లిట్ పిన్ను ఉండాలి. పాతది తుప్పు పట్టి విప్పుతుండగానే విరిగింది. నా డబ్బాలో ఉన్నవన్నీ టిప్పర్లవి, లావు. జీడిమెట్ల పోయి రావాలంటే ఆ ట్రాఫిక్‌లో సగం రోజు. బోటును నీళ్లలోకి దింపే పూజ ముహూర్తం చూస్తే ఇంకో అరగంటలో ఉంది.

పటేల్ ఇంట్లో బైండింగ్ వైరుకు కొదవ లేదు. గేటు గొళ్లెం, ప్లాట్ల బోర్డు, కుక్క గొలుసు, అన్నీ దానితోనే కట్టి ఉంటాయి. "పటేల్ వెంచర్లన్నీ వైరు మీదనే నిలవడ్డయ్" అని షెడ్డులో అందర్నీ నవ్వించేవాణ్ని. ఆ వైరే ఒక ముక్క తెంపి, రెండు పేటలు వేసి, బెజ్జంలో దూర్చి మెలిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

చక్రాలు లేని బండికి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో పంతులుగారికి తోచలేదు. ముందొకటి వెనకొకటి పెట్టించి, తొక్కినట్టే అనుకోమన్నాడు. దిష్టికి నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టమంటే, వాచ్‌మన్ వెనక్కి పోయి నల్లదారంతో నా రాడ్డుకే కట్టాడు. చూసి కూడా ఊరుకున్నాను. దండ గురించి నోరెత్తితే అందరూ రాడ్డు దగ్గరికి వచ్చి చూస్తారని భయం.

ఆ ఇంట్లో ఏ బండి కొన్నా తొలి సవారీ పటేల్ తల్లిది. అందరూ ఆమెను అవ్వ అంటారు. టిప్పర్ కూడా ఎక్కి కూర్చున్న మనిషి. చీర మీద లైఫ్ జాకెట్ వేసుకుని కొడుకు పక్కన కూర్చుంది. నియమం ప్రకారం నేను వెనక కూర్చున్నాను. నాకు ఈత రాదు. అదీ ఎవరికీ చెప్పలేదు.

డప్పు మోగింది. మొదటి మలుపు బ్రహ్మాండంగా తిరిగింది. రెండో మలుపులో పటేల్ చేతిలో స్టీరింగ్ గిరగిరా తిరుగుతోంది, బోటు మాత్రం రాతికట్ట మీదికి సూటిగా పోతోంది. "తిరుగుతలేదురా!" అని ఆయన ఇంజిన్ ఆపేశాడు. రాళ్లకు మూరెడు దూరంలో బురదలో దిగబడి ఆగాం. అవ్వ మోకాలు ముందు పలకకు కొట్టుకుని రక్తం కారింది. నేను ఆమెను పట్టుకోవలసింది పోయి "మునుగుతున్న!" అని అరుస్తూ దూకాను. నీళ్లు నా మోకాళ్ల దాకా వచ్చాయి. డప్పులవాళ్లు పడీ పడీ నవ్వారు.

పటేల్ వెనక్కి వచ్చి చూశాడు. రాడ్డు ఊడి వేలాడుతోంది, దానికి మిరపకాయలు చిక్కుకుని ఉన్నాయి.

"మిరపకాయలు ఇరికినయ్! గీడ ఎవడు కట్టిండ్రా?"

"పంతులుగారు కట్టుమంటే కట్టిన పటేలా," అన్నాడు వాచ్‌మన్.

"మా అవ్వ పానం తీస్తుంటివి గద! తాళాలు ఆడ వెట్టి పో. రేపటి సంది రాకు." తర్వాత నా వైపు తిరిగాడు. "గంతే గదా?"

వాచ్‌మన్ కూడా నా వైపే చూశాడు, పనోడి తరఫున పనోడు మాట్లాడతాడని.

"గంతే గావచ్చు పటేలా," అన్నాను. నా జన్మలో అంత నీచమైన మాట ఇంకోటి అనలేదు.

వాచ్‌మన్ తాళాల గుత్తి గట్టు మీద పెట్టాడు. అవ్వ ఆ దండ తెమ్మని చేయి చాపింది. నిమ్మకాయలో గుచ్చుకుని ఉన్న వైరు ముక్కను పీకి, అరచేతిలో పెట్టి అందరికీ చూపించింది.

"వాడు దారంతోని కట్టిండు, నేను జూసిన. గీ వైరెవనిది?"

"నాదే అవ్వా," అన్నాను. పిన్ను సంగతి మొత్తం చెప్పాను.

పటేల్ తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "పిన్ను లేదంటే రేపు దింపకపోదుమా?" అన్నాడు. ఇన్నాళ్లూ నేను ఎగతాళి చేసిన మనిషి అంత నెమ్మదిగా అడిగేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

వాచ్‌మన్ తాళాలు తీసుకున్నాడు. నా పనిముట్ల సంచి మోసుకుంటూ గేటు దాకా వచ్చాడు. గొళ్లేనికి చుట్టిన వైరు మెలి విప్పి, నన్ను బయటికి పంపి, మళ్లీ మెలిపెట్టుకున్నాడు.