ఉప్పు పూసిన గోడ

బుల్లమ్మ భావనపాడులో పుట్టింది, అక్కడే సూరయ్యను కట్టుకుంది, పాతికేళ్లు ఆ ఇసుకలోనే చేపలకి ఉప్పు పట్టించి ఎండబెట్టింది. ఆమె ఎండబెట్టిన నెత్తళ్లకు బూజు పట్టిందన్న మాట ఏ సంతలోనూ ఎవరూ అనలేదు. ఈ సంగతి అడగకపోయినా చెప్పేది, అడిగితే రెండుసార్లు చెప్పేది. తిత్లీ తుఫాను ఇంటినీ తెప్పనీ ఒక్కసారే పట్టుకుపోయాక మొగుడూ పెళ్లాలిద్దరూ శ్రీకాకుళం టౌనుకొచ్చారు. సూరయ్య ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్. ఉండడానికి సెల్లారులో, స్కూటర్ల వెనక, ఒక గది ఇచ్చారు.

ఆ గదికే అనూరాధ పురిటికి రావాలి. ఒక్కగానొక్క కూతురు, తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఆ పుట్టిల్లు రోడ్డుకంటే నిలువెత్తు కిందుందని అల్లుడి వైపువాళ్లు ఏనాడూ ఎత్తిపొడవలేదు. అందుకే బుల్లమ్మకి మరీ పట్టుదల. నవారు మంచం కొంది, పరుపు కొంది, దోమతెర కొంది, గోడలకి గులాబీరంగు వేయించింది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలిచింది. దీపావళి వెళ్లిన వారానికి తుఫాను పట్టి మూడు రోజులు వదలకుండా కురిసింది. నీరు పల్లమెరుగు అంటారు కదా, వీధిలో నీళ్లన్నీ ర్యాంపు దిగి తిన్నగా సెల్లారులోకే వచ్చాయి. నడుం లోతు. పైవాళ్లు స్కూటర్లను ముందే రోడ్డెక్కించుకున్నారు. బుల్లమ్మ మంచం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మోటారు తెప్పించి నీళ్లు తోడించేసరికి మరో రెండు రోజులు గడిచాయి.

ఆలుమగలు బురద ఎత్తారు, నేల కడిగారు, బ్లీచింగ్ చల్లారు. నీళ్లు తాగి బరువెక్కిన పరుపును ఇద్దరూ ఈడ్చుకెళ్లి చెత్తబండికెత్తారు. పగలంతా ఫ్యాను తిప్పారు. గదికున్నది జానెడు కిటికీ ఒక్కటే, అదీ సెల్లారు లోపలికే. వారం తిరగకుండా గోడ మీద మోకాలెత్తున నల్లటి చుక్కలు లేచాయి. తుడిస్తే పోయాయి, మర్నాటికి ఇంకో జానెడు పైకెక్కాయి. ముక్కిన వాసనకి సూరయ్యకు దగ్గు పట్టుకుంది. పసిగుడ్డు ఈ గాలే పీల్చాలి కదా అనుకుంది బుల్లమ్మ.

అప్పుడు తనకి తెలిసిన విద్య గుర్తొచ్చింది. బూజు ఎక్కడున్నా బూజే, దాని మందు ఉప్పే. నౌపడా ఉప్పు కొటార్ల దగ్గరుండే తమ్ముడు గంగులు చేత రెండు బస్తాలు తెప్పించింది. గోడల వార బెత్తెడు మందాన పోసింది. మిగిలింది సున్నంలో చిక్కగా కలిపి గోడలకి మూడు పూతలు పూసింది. సూరయ్య అడ్డు చెప్పలేదు. ఉప్పు విషయంలో బుల్లమ్మకి ఎదురు చెప్పినవాళ్లు భావనపాడులోనే లేరు. రెండు రోజులు ఎండ కాసింది, గోడ తెల్లగా పొడిపొడిగా బిగిసింది. గది ఆరిపోయిందని, శుక్రవారం వచ్చి తీసుకెళ్తానని కూతురికి ఫోన్ చేసి చెప్పేసింది.

సోమవారం మబ్బు పట్టింది. గోడకి చెమటలు పోశాయి. కారి కారి నేల మీద మడుగయింది. బుల్లమ్మ తుడిచింది, మళ్లీ ఉప్పు పోసింది. ఎంత పోస్తే అంత కారింది. పూత అందని చోట, కప్పు కింద, కొత్త బూజు లేచింది.

పక్క వీధిలో పని చేస్తున్న నూకయ్య మేస్త్రిని సూరయ్య పిలుచుకొచ్చాడు. మేస్త్రి గోడని వేలితో రాసి నాలుక మీద పెట్టుకున్నాడు.

“ఉప్పెట్టీసినావా అప్పా,” అన్నాడు మెల్లగా. “సేపలో నీరు ఉప్పు లాగితే, ఆ నీటిని ఎండ లాగేస్తాది. ఇక్కడ ఎండేదీ? ఉప్పు గోడలోకి దిగిపోనాది. ఇంక గాల్లో సెమ్మంతా తాగుతానే ఉంటాది.”

ఇటుక కనబడేదాకా పెచ్చులు కొట్టి, రెండు నెలలు ఆరనిచ్చి, కొత్తగా ప్లాస్టరింగ్ చెయ్యాలన్నాడు. అపార్టుమెంటు పెద్దలు వేసవిలో చూద్దామన్నారు. వాళ్ల వేసవి ఎక్కడికీ పోదు, కాన్పుకి మాత్రం పద్దెనిమిది రోజులే ఉన్నాయి. గంగులు ఇంట్లో ఒక్క గదిలో ఆరుగురు. పై ఫ్లాట్లలో ఎవరినైనా ఒక గది అడుగుదామని బుల్లమ్మ మెట్లెక్కి, సగంలోనే దిగొచ్చేసింది. పురుడంటే మైల. పరాయి మైలని ఎవరు గడప దాటనిస్తారు?

గురువారమంతా చేపలు కోసే కత్తితో గోడ గీకింది. ఉప్పుకి వేళ్లు పగిలి మండాయి. లోపల ఎంత గీకినా తడే. సూరయ్య కత్తి లాక్కుని పక్కన పెట్టాడు.

శుక్రవారం పొద్దున్న ఆమె బయల్దేరలేదు. కళింగపట్నంలో వియ్యపురాలు తాతమ్మకి ఫోన్ చేసి, పురుడు మీరే పొయ్యాలని అడిగింది. అడుగుతుంటే తల కొట్టేసినట్టయింది. తాతమ్మ ఆమెని మాట పూర్తి చెయ్యనివ్వలేదు. అనూరాధ తనకి మాత్రం కూతురు కాదా, నువ్వు దిగులు పడకు వదినా అంది. దాని కన్నా నాలుగు మాటలన్నా బాగుండుననిపించింది బుల్లమ్మకి.

ఫోను అనూరాధ తీసుకుంది. బట్టలు సర్దుకుని పొద్దుటినుంచీ గుమ్మంలోనే కూర్చుందట.

“అమ్మా, నాను వొస్తానే. గోడకి దూరంగా మంచమేసీ. రెండ్రోజులు నీకాడ తొంగుంటాను, సాలు.”

ఆ పిల్ల ఏదడిగినా ఇన్నేళ్లలో లేదన్నది లేదు. బుల్లమ్మ గోడ వైపు చూసింది, చెంగుతో నోరు నొక్కుకుంది, తీసింది.

“వొద్దు తల్లీ,” అంది. “అమ్మింటికి రాకు.”