మీటరు చూసే మొగుడు

2022లో, దసరా సెలవులు అయిపోయిన రోజులు. జగ్గయ్యపేటలో ఆడవాళ్లకు స్కూటీ నేర్పడం నా పని. పొద్దున్నే ఒక స్కూలు గ్రౌండులో క్లాసు. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. బ్రేకు మీద చేయి, రోడ్డు మీద కన్ను ఉంటే ధైర్యం అదే వస్తుంది. చివరి వారంలో హైవే రైడ్ ఉంటుంది, అంటే లారీల మధ్య బండి నడపడం. అది చేస్తేగానీ నేను ఎవరినీ వదలను.

మాధవి అప్పుడే చేరింది. భర్తకు బజార్లో హోల్‌సేల్ కిరాణా కొట్టు. పిల్లల్ని బడికి దింపడానికి, కొట్టుకు క్యారియర్ పట్టుకెళ్లడానికి బండి నేర్చుకోమని అతనే పంపాడు. తోడుగా అత్తగారు వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. మాధవి ఇట్టే నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది. హైవే అనేసరికి మాత్రం బండికి స్టాండు వేసేసింది.

"చిల్లకల్లు వైపు వద్దు మేడం. కిలోమీటర్లు పెరుగుతాయి."

"మరీ ఇంత పిసినారితనమా?" అని నవ్వాను.

"పెట్రోలు గురించి కాదండి. ఆయన ఇంటికి రాగానే మీటరు చూస్తారు."

బండి ఎంత తిరిగిందో చెప్పే ఓడోమీటర్ అది. ఇల్లు, బడి, కొట్టు, గ్రౌండు దాటి తిరిగితే ఆమె జవాబు చెప్పాలి. జవాబు నచ్చకపోతే అతను అన్నం మానేసి, పిల్లలతో కూడా మాట్లాడడు. ఆమె తప్పయిందని ఒప్పుకునేదాకా ఇల్లంతా మూగనోమే. నందిగామలో పుట్టింటికి వెళ్లి ఏడాది దాటింది. అక్కడ ఒక పెళ్లిలో అల్లుణ్ని భోజనానికి ఎవరూ ప్రత్యేకంగా పిలవలేదట. మర్యాద తగ్గిందని లేచొచ్చేసి, ఆమెకు ఆ దారి మూసేశాడు. తల్లికి కంటి ఆపరేషన్ అయితే ఫోన్లోనే పలకరించింది.

ఈ మాటలు విన్న అత్తగారు నవ్వారు. "మా వాడు చెయ్యెత్తి ఎరగడమ్మా. వాళ్ల నాన్నయితే నా చెప్పులు బీరువాలో పెట్టి, తాళం వేసుకుని కొట్టుకెళ్లేవాడు. వీడు చాలా నయం."

నాకు ఒళ్లు మండింది. కొట్టకపోతే చాలు, కొబ్బరికాయ కొట్టాలన్నట్టు మాట్లాడతారు మనవాళ్లు. చెప్పులకు తాళం వేసిన తండ్రిని చూసి పెరిగిన కొడుకు మీటరు చూడటం నేర్చాడు. దీన్ని పంతం అంటారు, ప్రేమ అంటారు, మగాడి పౌరుషం అంటారు. నేను హింస అంటాను. దెబ్బ కనబడదు కాబట్టి సాక్ష్యం ఉండదు, అంతే తేడా.

"పిన్నిగారూ, ఆ చెప్పులు బీరువాలో ఉన్నప్పుడు మీకెలా ఉండేదండి?" అని అడిగాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది.

మాధవి కాసేపు మీటరు వంక చూసి, హెల్మెట్ పెట్టుకుంది. "ఎక్కండి మేడం. నందిగామ పోదాం."

అత్తగారు ఆపలేదు. ఆటో ఎక్కి ఇంటికెళ్లిపోయారు. లారీలు హారన్లు కొడుతూ దాటిపోతున్నా మాధవి బండి తిన్నగా పోనిచ్చింది. నందిగామలో వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చి, కూతుర్ని తడిమి తడిమి చూసుకుని, భయంగా అడిగింది.

"అల్లుడుగారికి తెలుసా?"

"మీటరు చూస్తే తెలుస్తుందిలే అమ్మా. ముందు కాఫీ పెట్టు."

మర్నాడు ఆఖరి క్లాసుకు అత్తాకోడళ్ల వెనకే అతనూ వచ్చాడు. "మా ఆవిడ్ని ఎక్కడెక్కడ తిప్పుతున్నారు మేడం? గ్రౌండులో అరవై కిలోమీటర్లు తిరుగుతుందా?"

నేను నోరు తెరిచేలోపే మాధవి అందుకుంది. "మా అమ్మని చూసొచ్చానండి. అడగాల్సింది నన్ను. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తా. మీరు అన్నం మానేస్తే మానేయండి, నేనూ పిల్లలూ తింటాం."

అతను తల్లి వైపు తిరిగాడు. "చూశావా అమ్మా?"

"చూశాన్రా," అన్నారావిడ. మెట్లు దిగి, చెప్పులు వేసుకుని, వెళ్లి కోడలి బండి వెనక ఎక్కి కూర్చున్నారు.

ఒక్కరోజుతో అతను మారిపోలేదు. బండి తాళం దాచాడు. మాధవి ఇంకోటి చేయించుకుంది. పెద్దమనుషుల్ని పిలుస్తానన్నాడు. పిలవమంది. సంసారాలు కూలుస్తున్నానని నాకూ ఫోన్లు వచ్చాయి. అరవై కిలోమీటర్లకే కూలిపోయే సంసారమైతే కూలనివ్వండి అన్నాను.

ఇప్పుడు కొత్తగా చేరే ఎవరినైనా నేను ముందు అడిగేది పేరూ ఊరూ కాదు. "బండి తాళం ఎవరి దగ్గరుంటుంది?" అని అడుగుతాను. జవాబుకు తడుముకున్నవాళ్లకు హైవే రైడ్ నందిగామ దాకా ఉంటుంది.