కోబే టైము

మున్వర్ భాయ్ ఉండేది చర్లలోనే, ఆయన టైము మాత్రం నలభై ఏళ్ల కిందటి జపాన్‌లో ఉంటుంది. ఈ సంగతి చాయ్ బండి అంతోనయ్యకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. భాయ్ గడియారాల దుకాణం ఆ బండి పక్కనే. చాయ్ కొనుక్కోవాలి గానీ, "మా కోబేలో" అన్న మాట రోజుకు యాభైసార్లు ఉచితం.

కుర్రతనంలో హైదరాబాదు ముత్యాల సేటొకాయన భాయ్‌ని కోబే పట్నానికి తీసుకుపోయాడు. ఆరేళ్లు అక్కడ కిటికీ వెలుతురులో ముత్యాలు ఏరాడు. ముత్యాల ముచ్చట మాత్రం ఎన్నడూ చెప్పడు.

"పొద్దుగూకితే సోయా పన్నీరు అమ్మేటోడు బూర ఊదుకుంట సైకిల్ మీద వచ్చేటోడు, అంతోనయ్య. ఆడోళ్లు గిన్నెలు పట్టుకొని గల్లీలకు ఉరికేది. తర్వాత మేం హమామ్‌కు పోయేది. గోడ నిండ మంచుకొండ బొమ్మ. దాన్ని చూసుకుంట మెడదాక వేడినీళ్లల్ల కూసునేది."

"అందరు ఒక్క నీళ్లల్లనేనా భాయ్?"

"ముందే సబ్బుతోని కడుక్కొని దిగాలె. నీ చాయ్ గ్లాసులకంటె సాఫుగ ఉండేటోళ్లం."

అన్నిటికంటే పెద్దది రైలు కథ. అక్కడ రైలు కాస్త ఆలస్యమైతే స్టేషన్ వాళ్లు నడుము వంచి దండం పెట్టి, తప్పు మాదేనని చీటీ ఇచ్చేవాళ్లట. అందుకని భాయ్ రోజూ జేబుగడియారంతో బస్సుకు ఎదురెళ్తాడు.

"హరిలాల్, ముప్పైరెండు నిమిషాలు. చీటీ ఏది?"

"ఆ గుంతల్నే అడుగు భాయ్," అంటాడు డ్రైవరు హరిలాల్. పోలీసు క్యాంపు దాకా నున్నటి తారు, ఊళ్ల దాకా బురద. ఆయన మాటలో తప్పేం లేదు.

కోబే స్టేషన్‌లో జనం ఒకరికొకరు కబుర్లు రాసిపెట్టుకునేవాళ్లని, దుకాణం గోడకు నల్లబోర్డు కూడా తగిలించాడు.

"సెల్‌ఫోన్ల కాలంల బోర్డేంది భాయ్?" అన్నాడు అంతోనయ్య.

"వాగవతల సిగ్నల్ ఉన్నదా?"

లేదు. టవరుకు రెండుసార్లు కొబ్బరికాయ కొట్టారు, అంతే.

"వాగవతలోళ్లకు చదువు రాదు గద?"

"నాకొస్తది గద."

మొన్న వానల్లో వాగవతలి భీమక్క కాన్పు నొప్పులు పడుతున్న కూతుర్ని మంచం మీద వాగు దాటించి చర్ల ఆసుపత్రికి తెచ్చింది. భద్రాచలం తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు ఎక్కుతూ భాయ్ చెయ్యి పట్టుకుంది. "అన్నా, బిడ్డకు రక్తం కావాలంట. మా ఇంటాయన దూలయ్యది కలుస్తది. పోడు కాడికి కబురంపిన. వస్తె ఐదింటి బస్సెక్కియ్యి."

భాయ్ బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాడు. సాయంత్రమైనా దూలయ్య జాడ లేదు. బస్సు మాత్రం, పదకొండేళ్లలో మొదటిసారి, టైముకు వచ్చింది. సరిగ్గా ఐదుకు హరిలాల్ ఇంజను స్టార్టు చేశాడు.

"చూసినవా భాయ్, నీ కోబే లెక్కనే పోతున్న."

భాయ్ వాగు దిక్కు చూసి, పోయి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. "నీ గడియారం తప్పు."

"పోయిన వారం నువ్వే బాగుచేసినవ్."

"అయితే నా రిపేరు తప్పు."

ఆ మాట ఆయన నోట ఎవరూ ఏనాడూ వినలేదు. అంతోనయ్యకు నవ్వు రాలేదు. చాయ్ కెటిలు పట్టుకుని బస్సెక్కాడు. "తాగున్రి. పైసలొద్దు. టైము భాయ్ చూసుకుంటడు."

పదిహేడు నిమిషాలకు నడుము దాకా బురదతో దూలయ్య వచ్చాడు. బోర్డు ముందు నిలబడి బిత్తరచూపులు చూశాడు. భాయ్ అక్షరం అక్షరం చదివి వినిపించి, భుజం పట్టి బస్సెక్కించాడు. తర్వాత ప్రయాణికుల ముందు నడుము దాకా వంగి, హరిలాల్ చేతిలో చీటీ పెట్టాడు: "బస్సు పదిహేడు నిమిషాలు ఆలస్యం. కారణం: మున్వర్."

మర్నాడు మధ్యాహ్నం భాయ్ మళ్లీ గడియారంతో రోడ్డు మీదే ఉన్నాడు. హరిలాల్ బస్సు ఆపి, దిగి, నడుము వంచి, టికెట్ వెనక రాసిన చీటీ ఇచ్చాడు: "నలభై నిమిషాలు ఆలస్యం. కారణం: ఆడపిల్ల. చూసిపొమ్మని దూలయ్య పట్టుబట్టిండు. ఇద్దరు బాగున్నరు."

భాయ్ రెండుసార్లు చదివాడు. పెన్సిలు తీసి, నలభై కొట్టేసి నలభైరెండు అని దిద్దాడు. చీటీని మడిచి జేబుగడియారం మూతలో పెట్టుకున్నాడు.