ఎడమవైపు ఇంకొంచెం

మా రెండు కొట్ల మధ్య గోడ అనేది పేరుకే. నాలుగు చెక్కపలకలు నిలబెట్టి రంగు కొట్టారు, అంతే. ఇటు నా కుట్టుమిషను, అటు అక్కాచెల్లెళ్ళ బ్యూటీ పార్లరు. అక్కడ ఎవరైనా తుమ్మితే ఇక్కడ నేను ఉలిక్కిపడతాను. కాబట్టి దారం పిల్ల సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెలియకపోతేనే బాగుండేది.

పిల్ల అంటున్నాను గానీ దానికి నలభై ఒకటి నిండాయి. పందొమ్మిదో ఏట అక్క తెరిచిన పార్లరులో దారం చేతబట్టింది. అప్పుడు అంటుకున్న పేరు ఇంకా వదల్లేదు. దారం కొస పళ్ళ మధ్య బిగించి, రెండు చేతులా మెలితిప్పి, వచ్చినవాళ్ళ కనుబొమలు తీర్చడం దాని పని. ఇరవై రెండేళ్ళు అలా బిగించీ బిగించీ ముందుపన్నుకి సన్నటి గాడి పడింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి పరాయి ముఖాలు చూడటమే. పళ్ళలో దారం ఉంటుంది కనుక మాట్లాడటానికి వీల్లేదు. మాట్లాడేదంతా అక్కే.

అక్కది మంచి మనసే, కాదనను. తల్లి పోయినప్పుడు చెల్లికి తొమ్మిదేళ్ళు, తనకి ఇరవై. కంటికి రెప్పలా పెంచింది. పెళ్ళి మాట తనూ ఎత్తలేదు, చెల్లినీ ఎత్తనివ్వలేదు. ఇద్దరికీ ఒకటే గది, ఒకటే తాళంచెవి. చెల్లి ఏం తినాలో, ఏ రంగు వేసుకోవాలో, దానికి ఎప్పుడు తలనొప్పి రావాలో కూడా అక్కే చెప్పేది. "దానికేం తెలీదు పిన్నీ, దానిదంతా నేనే చూసుకోవాలి," అనేది నాతో, అది పక్కనే నిలబడి ఉండగా. నాకు ఒళ్ళు మండేది. ఊళ్ళోవాళ్ళ సంసారాల్లో వేలు పెట్టడం మనకెందుకులే అని ఊరుకునేదాన్ని.

పార్లరుకి మంగళవారం సెలవు. ఏడాది కిందట దారం పిల్ల పన్ను చూపించుకోవాలని చెప్పి ఆ మంగళవారాలు బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక్క పన్నుని ఎన్ని మంగళవారాలు చూపిస్తారు? నేను నిలదీస్తే చెప్పింది. జుట్టు కత్తిరించడం నేర్పే శిక్షణ కేంద్రంలో చేరిందట. అక్కడి మేడమ్ దీని పనితనం చూసి, అక్కడే ఉండి పిల్లలకి నేర్పమని ఉద్యోగం ఇస్తానందట. ఉండటానికి మేడమీద ఒక గది కూడా.

"ఆ గదికి కిటికీ ఉంది పిన్నీ. తలుపు నేనే లోపల్నుంచి గడియ పెట్టుకోవచ్చు," అంది. ఆ మాట అనేటప్పుడు దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శనివారం సాయంత్రం ఐదింటికల్లా ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాలి, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈలోగా అక్కడ నేర్పేవాళ్ళు వేసుకునే తెల్లకోట్లు రెండు కుట్టిపెట్టమంది.

"అక్కతో చెప్పావా?"

"ఇవాళ చెప్తా."

నేను నమ్మాను. మర్నాడు అక్క దిండు గలీబులు తీసుకుపోవడానికి వచ్చింది. నా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. "ఇదెవరిది పిన్నీ, డాక్టరమ్మదా?" అంది.

"డాక్టరమ్మది కాదు, మీ చెల్లిదే. టీచరమ్మ అవుతోందిగా," అన్నాను.

అన్నాక ఆవిడ ముఖం చూసి నాలుక కరుచుకున్నాను. ఊరందరి గుడ్డలకీ కుట్లు వేస్తాను గానీ నా నోటికి ఒక్క కుట్టు వేసుకోలేకపోయాను. అక్క గలీబులు మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నోరు జారానని చెల్లితో ఆ పూటే చెప్పాల్సింది. చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

నాలుగో రోజుకి పార్లరు ముందు సామాను దిగింది. కాలితో తొక్కితే పైకి లేచే కుర్చీ, మెడ ఆనించి తల కడిగే సింకు, నిలువెత్తు అద్దం. బోర్డు మీద చోటు చాలక ఒక మూలకి ఇరికించి "హెయిర్ స్టైలింగ్ కూడా" అని రాయించారు. ఇన్నాళ్ళూ జుట్టు కత్తిరించమని ఎవరొచ్చినా, ఆ చెత్త మేం ఎత్తిపోయలేమమ్మా అని పంపేసిన మనిషి ఈవిడే.

"నీకోసమేనే," అంటోంది గోడవతల అక్క. "ఒకటే పని చేసి విసుగొస్తోందన్నావుగా. ఇకనుంచి జుట్టు పనంతా నీదే. నీ చేతికి రానిదేముంది?"

శనివారం మధ్యాహ్నం మూడింటికి దారం పిల్ల నా దగ్గరికి వచ్చింది. "ఇవాళ చెప్పేస్తా పిన్నీ. బోణీ తనే చేస్తానంటోంది అక్క. వెనకాల నిలబడి అద్దంలో చూస్తూ చెప్తా. ఎదురెదురుగా అయితే నాకు నోరు పెగలదు. నువ్వూ వచ్చి కూర్చో."

వెళ్ళి బెంచీ మీద ఒక వారగా కూర్చున్నాను. నాలుగింటికి అక్క కుర్చీ ఎక్కింది. నడుం దాటిన జుట్టు, యాభై రెండేళ్ళలో ఎప్పుడూ కత్తెర ఎరగదు. "భుజాల దాకా తీసెయ్," అంది. దారం పిల్ల తల తడిపి, దువ్వి, పాయలు తీసి క్లిప్పులు పెట్టింది. వీపు నిటారుగా పెట్టి, నోట్లో దారం లేకుండా అది పని చేయడం నేను చూడటం అదే మొదలు. ఎంత బాగుందో ఆ నిలబడటం.

కుడివైపు భుజం దాకా తీసేసి, అప్పుడు అంది. "అక్కా, నేను వెళ్ళిపోదామనుకుంటున్నా."

"తెలుసు," అంది అక్క. "పిన్ని చెప్పింది."

ఇద్దరూ అద్దంలోంచి నావైపు చూశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అయితే ఈ కుర్చీ?" అంది దారం పిల్ల.

"నిన్ను ఆపడానికే. నీ దగ్గర దాపరికమెందుకు? ఆ గదిలో నేనొక్కదాన్నీ ఉండలేనే. నాకు భయం. అయినా వెళ్తానంటే వెళ్ళు, నేనేం పట్టుకోలేదు."

దారం పిల్ల కత్తెర కింద పెట్టి, ఫోను తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. నాలుగున్నర దాటింది. నంబరు మీద వేలు పెట్టి వెనక్కి తిరిగి చూసింది. కుడివైపు జుట్టు భుజం దాకా, ఎడమవైపు నడుం దాకా, మధ్యలో అక్క ముఖం. ఈ పనిలో ఉన్న మనిషి ఎవరైనా సరే, సగం కత్తిరించిన తలని కుర్చీలో వదిలేసి పోరు. "పది నిమిషాల్లో అయిపోతుంది," అని తనకి తనే చెప్పుకుని, ఫోను అరలో పెట్టి మళ్ళీ కత్తెర తీసింది.

అన్నట్టే పది నిమిషాల్లో అయిపోయింది. నలభై ఏళ్ళుగా గుడ్డల అంచులు కత్తిరిస్తున్నదాన్ని, పూచికపుల్లంత తేడా ఉన్నా నా కంటికి ఆనుతుంది. రెండువైపులా తీర్చినట్టు ఉంది. అక్క తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఎడమవైపు కొంచెం ఎక్కువుంది చూడు."

వేలెడు తీసింది. "ఇప్పుడు కుడివైపు ఎక్కువైంది." అదీ తీసింది. "ఎడమవైపు ఇంకొంచెం." భుజాల దగ్గరున్నది మెడ దాకా వచ్చింది, మెడ దగ్గరున్నది చెవుల దాకా పాకింది. సమంగానే ఉందే, ముందు ఫోన్ చెయ్యి అని నా నోటిదాకా వచ్చింది. ఇప్పటికే నేను చేసిన నిర్వాకం చాలదా అనుకుని మింగేశాను. మాట్లాడకూడనప్పుడు వాగి, మాట్లాడాల్సినప్పుడు నోరు మూసుకున్న దద్దమ్మని నేను.

ఐదు దాటాక అరలో ఫోను మోగింది. దారం పిల్ల కత్తెర ఆపలేదు. అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. ఫోను మోగి మోగి ఊరుకుంది.

ఐదున్నరకి జుట్టు చెవుల పైకి చేరింది. ఎండ ఎరగని అక్క మెడ చిన్నపిల్ల మెడలా బయటపడింది. ఇక కత్తిరించడానికి ఏమీ మిగల్లేదు. అయినా అక్క తల పక్కకి తిప్పి ఏదో అనబోయింది.

"సమంగానే ఉందక్కా," అంది దారం పిల్ల. "మొదటిసారే సమంగా వచ్చింది."

అక్క ఒంటిమీది గుడ్డ విప్పి దులిపి, చీపురు తెచ్చి ఊడవడం మొదలుపెట్టింది. కుర్చీ కిందికి చీపురు అందేలా అక్క కాళ్ళు రెండూ పైకెత్తి పట్టుకుని కూర్చుంది.