మూరకు వేలెడు

తెలంగాణ ఆంధ్రతో కలిసిన కొత్తలో మేము ఆసిఫాబాద్‌లో ఉండేవాళ్లం. కరీంనగర్ దిక్కు మా ఊళ్లో మగ్గం ఆగిపోయి బాపు నా దగ్గరికే వచ్చేశాడు. కూతురింట్లో ఊరికే కూర్చుని తినడం ఆయనకు నామోషీగా ఉండేది. వస్తూ వస్తూ గంజి పట్టించిన నూలు ఒక మూట తెచ్చాడు.

ఆ చలికాలం మిషన్ హాస్టల్ వార్డెనమ్మ ఆడపిల్లలకు నూలు స్వెట్టర్లు అల్లమంది. మొదటిది ఉతికాక సరిపోతేనే మిగతావి నాకు. "జానెడు ముక్క అల్లి, ఉతికి, ఆరినంక కొల్చి చూడమ్మా" అని మరీ చెప్పింది.

అది విని బాపు నవ్వాడు.

"ముక్క ఎందుకు బిడ్డా? మూరకు వేలెడు గుంజుకుంటది. నలభై ఏండ్ల సంది చూస్తున్న. గింత దానికి పరేషాన్ గాకు."

ఎన్నాళ్లకో ఆయన ముఖం వెలిగింది. సరేనన్నాను.

కానీ మనసొప్పలేదు. ఆయన బజారుకు పోయినప్పుడు, ఆయన తెచ్చిన నూలుతోనే ముక్క అల్లి ఉతికాను. జానకే వేలెడు పోయింది. పైగా అడ్డంగా సాగింది. మగ్గం బట్టలో పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. సూదులతో అల్లిన దాంట్లో ఉన్నదంతా ఉచ్చులే, నీళ్లు తగిలితే వాటి ఇష్టం వాటిది. పక్కింటి అవుసులాయన బంగారం తూచే త్రాసులో తూచితే, గంజి పోయి బరువూ తగ్గింది. బాపుకు చెబుదామని నోటిదాకా వచ్చి ఊరుకున్నాను. పొడవు పెంచి, వెడల్పు తగ్గించి, కాస్త దట్టంగా అల్లాను.

స్వెట్టర్ ఉతికాక సరిగ్గా కుదిరింది. పని నాకే దక్కింది. అక్కడితో నోరు మూసుకొని ఉంటే బాగుండేది.

వారం తిరగకముందే ఊరి నుంచి ఇద్దరు నేతగాళ్లు వచ్చారు. బాపు వాళ్ల ముందు స్వెట్టర్ కుదిరిన సంగతి ఎత్తి "నా లెక్క తప్పుతదా?" అంటూ ఒకటే చెప్పుకొచ్చాడు. అల్లి అల్లి నా వేళ్లు వాచి ఉన్నాయి. పొయ్యి దగ్గర కూర్చున్న నాకు ఒళ్లు మండింది.

"నీ లెక్కేంది బాపూ! గా లెక్క పట్టుకుంటే పిల్లల బొడ్లు బయటపడుతుండె. నేను ఉతికి చూసిన గనుక బతికిపోయినం!"

వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. బాపు కూడా నవ్వాడు.

తరువాత ఆయన కోపగించుకోలేదు, మాట్లాడటం మానలేదు. వాడకట్టులో ఎవరైనా బట్ట తెచ్చి, ఉతికితే ఎంత పోతుందని అడిగితే మాత్రం, చేతిలోకి తీసుకోకుండానే లోపలికి చూపించేవాడు.

"నాకేం తెలుసు? మా బిడ్డనడుగుండ్రి."