రజాయిల మధ్య దాచిన షాంపేన్

ఢిల్లీ మునిర్కాలో నా అద్దెగది కింద వాటాలో తెలుగు దంపతులు ఉండేవారు. ఆయన ఫ్రెంచి దుబాసీగా పనిచేసి రిటైరయ్యారు. ఫ్రెంచి ఎమ్మే చదువుతున్న నాకు సాయంత్రాలు ఉచ్చారణ దిద్దేవారు. ఆయన్ని మాస్టారనీ, ఆవిడని ఆంటీ అనీ పిలిచేదాన్ని.

మాస్టారి దగ్గర ఒక షాంపేన్ సీసా ఉండేది. ద్రాక్ష బాగా పండిన ఏడాది మాత్రమే చేసే రకమట. ఆ సంవత్సరం లేబుల్ మీద వేసి ఉండేది. ఫ్రాన్సు నుంచి వచ్చిన ద్రాక్షతోటల యజమానుల మాటలు ఇక్కడివాళ్లకు హిందీలో చెప్పిపెట్టినందుకు, వెళ్తూ వెళ్తూ ఇచ్చారు. అదే రకం షాంపేన్ మాస్టారు అప్పుడే వాళ్లతో కలిసి ఒక గ్లాసు తాగారు కూడా. కాల్చిన రొట్టె వాసన, పచ్చి బాదం రుచి, చివర్న సన్నటి పులుపు అని పాఠం మధ్యలో ఎన్నిసార్లు చెప్పేవారో. మంచి రోజు చూసి తెరుద్దామని ఎనిమిదేళ్లు ఇనప్పెట్టెలో రజాయిల మధ్య దాచారు.

ఇంతలో ఊరి అవతల ఇందిరాపురంలో వాళ్లు కొనుక్కున్న ఫ్లాటు చేతికొచ్చింది. సామాన్ల టెంపో కుదుపులకు సీసా పగులుతుందని, వెళ్లే ముందే తాగేద్దామని ఆంటీ పట్టుబట్టారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, సగం సర్దిన అట్టపెట్టెల మధ్య ముగ్గురం కూర్చున్నాం. గ్లాసులన్నీ పెట్టెల్లోకి వెళ్లిపోయాయి, మూడు టీ గ్లాసులే మిగిలాయి.

మాస్టారు తీగ విప్పి, తువ్వాలు కప్పి బిరడా మెల్లగా తిప్పారు. గ్యాసు చప్పుడే లేకుండా ఊడి వచ్చింది. ఆయన ముఖం అప్పుడే మారిపోయింది. పోస్తే ముదురు తేనె రంగు. నాలుగైదు బుడగలు లేచి ఆగిపోయాయి. కిటికీ వెలుగులో చూసి, వాసన పీల్చి, ఒక గుక్క నోట్లో తిప్పి మింగారు.

"పోయిందమ్మా," అన్నారు నాతో. "ఎనిమిది ఢిల్లీ ఎండాకాలాలు. నేనే పాడుచేశాను."

అంతవరకు మద్యం ముట్టని ఆంటీ ఆలోపే రెండో గుక్క కూడా తాగారు.

"పోతే పోయింది, ఠీక్ హై. నాకు బాగానే ఉందండీ. పాకంలో నానిన ఎండుద్రాక్షలా ఉంది. చివర్లో వేయించిన వేరుశెనగ పొట్టు చేదు."

మంచి షాంపేన్ అలా ఉండకూడదని చెప్పబోయి మాస్టారు ఆగిపోయారు. మళ్లీ రుచి చూశారు.

"పొట్టే. నిజమే," అన్నారు. "ఇంకేం తెలుస్తోంది నీకు?" అని అడిగారు.

ఆంటీ కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెప్పారు: ఎండబెట్టిన నారింజ తొక్క, కొత్త చాప వాసన. ఆయన ప్రతి మాటనీ నా కోసం ఫ్రెంచిలోకి తిప్పుతూ వచ్చారు. చాప దగ్గర సరైన ఫ్రెంచి మాట కోసం ఇద్దరం చాలాసేపు తడుముకున్నాం. గడ్డి అంటే చాలని నేనన్నాను. అల్లిక వాసన రావద్దా అని ఆయన ఒప్పుకోలేదు.

సీసా ఖాళీ అయ్యేసరికి ఆంటీ నవ్వుతూ మంచం మీద వాలి నిద్రపోయారు. ఆవిడ లేచేదాకా మేమిద్దరం గిన్నెలకు కాగితాలు చుట్టి, చప్పుడు కాకుండా పెట్టెల్లో సర్దాం.